కన్ను కిందికి నడిచే దారి: ఉలాన్‌బాతర్‌లో నా ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 6

ఈ రోజు సామాను బల్ల మీదికి ఎక్కింది. 24 అంగుళాల తెర, దాని కింద పరారుణ కాంతితో కంటిపాపను పట్టే కెమెరా, ఎదురుగా గడ్డం ఆనించుకునే స్టాండు. కన్ను ఎక్కడ చూస్తోందో సెకనుకు 500 సార్లు రాసుకునే ఐ ట్రాకర్ ఇది. ఇలాంటి దానితో ఇంతకు ముందు ఇంగ్లీషు, తెలుగు వాక్యాలు చదివించాను. ఈసారి చదివించబోయేది పాత మంగోల్ లిపి. పై నుంచి కిందికి రాస్తారు. ఒక వరుస అయిపోగానే దాని కుడి పక్కన రెండోది మొదలవుతుంది.

మంగోలియాలో ఈ లిపి పక్కకు జరిగి ఎనభై ఏళ్ళయింది. 1941లో రష్యన్ భాష రాసే సిరిలిక్ లిపికి మారాలని నిర్ణయించారు, 1946 నాటికి అదే అధికారిక లిపి అయింది. చైనాలోని ఇన్నర్ మంగోలియాలో మాత్రం నిలువు లిపి వాడుకలోనే ఉంది. ఇక్కడ మంగోలియాలో 2015లో చేసిన భాషా చట్టం ప్రకారం 2025 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాలు రెండు లిపుల్లోనూ ఉండాలి. బడిలో నేర్చుకుని ఆ తర్వాత వదిలేసినవాళ్ళు ఇప్పుడు ఆఫీసుల్లో మళ్ళీ చదవాలి. అక్షరం ఎంత సైజు ఉండాలి, వరుస ఎంత పొడుగు ఉండాలి, ఎక్కడ కన్ను తడబడుతుంది అన్నవి ఇక్కడ రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. అందుకే ఈ పని నాకు ఇంత ముఖ్యం.

చదివేటప్పుడు కన్ను జారుతూ పోదు. ఆగుతుంది, గెంతుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆగడాన్ని ఫిక్సేషన్ అంటారు, సగటున 200 నుంచి 250 మిల్లీసెకన్లు. గెంతును సకేడ్ అంటారు, చదువులో అది 20 నుంచి 40 మిల్లీసెకన్లు. ఆ కాసేపూ మనకు కొత్తగా ఏమీ కనబడదు. ఇంగ్లీషు చదివేవాళ్ళు ఒక్కో గెంతుకు 7 నుంచి 9 అక్షరాలు దాటుతారు. నూటికి పది పదిహేను గెంతులు వెనక్కి పోతాయి. కన్ను ఆగిన చోట నుంచి ఎడమకు 3, 4 అక్షరాలు, కుడికి 14, 15 అక్షరాల దాకా పనికొచ్చే సమాచారం అందుతుంది. కుడి నుంచి ఎడమకు రాసే హీబ్రూ చదివేవాళ్ళలో ఆ పెద్ద వైపు ఎడమకు తిరుగుతుంది. నేను బట్టీ పట్టిన ఈ లెక్కలన్నీ అడ్డంగా రాసే లిపుల నుంచి వచ్చినవే.

రాత్రి ఫోన్లో అమ్మకు చెప్తే, "అలా పై నుంచి కిందికి చదువుతుంటే మెడ నొప్పి పుట్టదా నాన్నా?" అంది. మెడ కదలదమ్మా, కన్ను మాత్రమే దిగుతుంది అన్నాను.

అక్టోబరు 11

వాక్యాలు తయారు చేయాలంటే ముందు నాకు చదవడం రావాలి. లిపి నేర్పడానికి ఒక రిటైర్డ్ టీచర్ ఒప్పుకున్నారు. ఇక్కడ టీచర్‌ని పేరు పెట్టి పిలవరు, "బగ్ష్" అంటారు. నేనూ అలాగే పిలుస్తున్నాను.

మొదటి పాఠంలో అక్షరాలు చెప్పలేదు, ఒంటి భాగాలు చెప్పారు. నిలువుగా దిగే గీత నురూ, అంటే వెన్నెముక. దానికి ఎడమ పక్కన పొడుచుకొచ్చే చిన్న మొన షుద్, అంటే పన్ను. గుండ్రంగా ఉబ్బేది గెదెస్, పొట్ట. మాట మొదట్లో అచ్చుకు ముందు వచ్చేది తితెమ్, కిరీటం. చివర విసురుగా లాగేది సూల్, తోక. మాట మొత్తం ఒకే వెన్నెముక మీద కలిసి ఉంటుంది, కలం ఎత్తకుండా దిగుతుంది. ఒకే అక్షరానికి మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర ఒకటి.

కిటుకంతా పళ్ళలో ఉంది. మాట మధ్యలో వచ్చే "అ" ఒక పన్ను. చుక్క లేని "న" కూడా ఒక పన్నే. "గ" రెండు పళ్ళు. ఇవి వరసగా వస్తే కనబడేది రంపం అంచు. బగ్ష్ ఒక మాట రాసి, "చదువు" అన్నారు. "ఉర్తు" అన్నాను. పొడుగు అని అర్థం. "సరే. ఓర్దు అని కూడా చదవచ్చు" అన్నారు. అది రాజభవనం. ఈ లిపిలో ఓ, ఉ ఒకటే. ఇక్కడి త, ద కూడా ఒకటే. ఏ మాటో పక్క మాటలు చూసి తేల్చుకోవాలి. అంటే ఇక్కడ కన్ను వెనక్కి వెళ్తే అది చదవడం రాకపోవడం కాకపోవచ్చు, అర్థం ఖాయం చేసుకోవడం కావచ్చు. ఇది నోటుబుక్కులో రెండుసార్లు గీత గీసి రాసుకున్నాను.

సంస్కృతం, టిబెటన్ మాటలు రాయడానికి 1587లో ఆయూష్ గూష్ అనే పండితుడు చేర్చిన గాలిక్ అక్షరాలు కూడా చూపించారు. మన వర్గాక్షరాల కోసం ఇంత దూరంలో ఒకాయన కూర్చుని కొత్త గీతలు గీశాడు. చాలాసేపు ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

అక్టోబరు 19

నిలువు లిపి కాబట్టి తెరను కూడా నిలువుగా తిప్పాను. సహజంగా తోచిన పని. రోజంతా వృథా అయింది.

లెక్క ముందే వేసుకోవాల్సింది. 60 సెంటీమీటర్ల దూరంలో చూపు కోణం ఒక డిగ్రీ అంటే తెర మీద సుమారు ఒక సెంటీమీటరు. అడ్డంగా ఉన్నప్పుడు తెర ఎత్తు 30 సెంటీమీటర్లు, అంటే 28 డిగ్రీలు. నిలువుగా తిప్పితే ఎత్తు 53 సెంటీమీటర్లు, దాదాపు 48 డిగ్రీలు. మధ్య నుంచి పైకి 24, కిందికి 24. అంత కిందికి చూసినప్పుడు పై రెప్ప కన్నుతో పాటే దిగి పాపను సగం మూసేస్తుంది. కెమెరాకు కనబడేది రెప్పా, వెంట్రుకలూ. చుక్కలను ఒక్కొక్కటిగా చూపించి కన్ను కొలతను తెరతో సరిపెట్టే తొమ్మిది చుక్కల కాలిబ్రేషన్‌లో పై వరసా మధ్య వరసా బాగానే వచ్చాయి, కింది మూడు చుక్కలు ఎన్నిసార్లు చేసినా నిలబడలేదు. ఒకసారి కన్ను తెర బయట ఉందని చూపించింది.

ఇందులో ఇంకో విషయం తేలింది. ఇలాంటి కెమెరా ట్రాకర్లు అడ్డం వైపు కచ్చితంగా ఉంటాయి, నిలువు వైపు కాస్త వదులుగా ఉంటాయి. కారణం ఆ రెప్పే. ఇంగ్లీషు చదివించినప్పుడు ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. ఏ మాట మీద ఉందో చెప్పేది అడ్డం కొలత, అది గట్టిది. ఏ వరుసలో ఉందో చెప్పేది నిలువు కొలత, అది కొంచెం జారినా దగ్గరి వరుసకు సర్దేయొచ్చు. మంగోల్ పాఠానికి వచ్చేసరికి ఇది తలకిందులైంది. ఏ వరుసో చెప్పేది గట్టి కొలత, వరుసలో ఏ మాట, ఏ పన్ను అని చెప్పేది వదులు కొలత. నాకు కావాల్సిందేమో ఆ రెండోదే.

అక్టోబరు 23

తెర మళ్ళీ అడ్డంగా పెట్టాను. బల్ల మీద నాలుగు లావు పుస్తకాలు పేర్చి తెరను పైకి లేపాను. ఇప్పుడు మనిషి కళ్ళు తెర పై అంచుకు కొంచెం కింద ఉండేలా కాక, తెర మధ్యకు దగ్గరగా ఉన్నాయి. కెమెరా మాత్రం కింద నుంచి పైకి చూస్తోంది. రెప్ప ఎంత దిగినా పాప కింది అంచు దానికి దొరుకుతుంది. పాఠాన్ని మధ్యలోని 18 సెంటీమీటర్లకు పరిమితం చేశాను. అంటే కన్ను పైకీ కిందికీ 9 డిగ్రీలు దాటక్కర్లేదు.

కాలిబ్రేషన్ చుక్కలు 13కి పెంచాను. అదనపు చుక్కలు కింది సగంలోకి వచ్చేలా చూసుకున్నాను. నా కళ్ళతోనే ఇరవై సార్లు చేశాక కింది వరస పొరపాటు అర డిగ్రీ చుట్టూ నిలబడింది. ఒక డిగ్రీలో రెండు మూడు అక్షరాలు పట్టేలా రాత సైజు పెట్టాను కాబట్టి, ఏ మాట అన్నది నమ్మొచ్చు. ఏ అక్షరం అన్నది ఇంకా నమ్మను.

చదవడానికి వచ్చేవాళ్ళకు పంపే మెసేజ్‌లో ఒక వాక్యం చేర్చాను: దయచేసి మస్కారా పెట్టుకోకుండా రండి. నల్లటి రెప్ప వెంట్రుకలను ఈ కెమెరా పాప అనుకుంటుంది.

నవంబరు 2

వారం రోజులుగా యూనికోడ్‌తో కుస్తీ. ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం అది. 1999లో వచ్చిన యూనికోడ్ 3.0లో మంగోల్ లిపి చేరింది. కానీ అందులో రాసేది కంటికి కనబడే ఆకారాన్ని కాదు, పలికే శబ్దాన్ని. ఉర్తు, ఓర్దు తెర మీద ఒకేలా ఉంటాయి, ఫైల్లో వేర్వేరు కోడ్‌లు. ఫైల్లో మాట వెతికితే సగం దొరకవు. ఎందుకంటే టైపు చేసినవాళ్ళు చాలాచోట్ల ఆకారం సరిగ్గా వస్తే చాలనుకున్నారు. నా 120 వాక్యాలనూ బగ్ష్ పక్కన కూర్చుని ఒక్కొక్కటే గట్టిగా చదివి సరిచూశారు.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పాలి. మంగోల్‌లో విభక్తి ప్రత్యయాలను మాటకు కలపరు, కొంచెం ఖాళీ వదిలి కింద రాస్తారు. "ఇంటి తలుపు" అనడానికి గెర్, దాని కింద సన్నటి ఖాళీ, ఉన్, ఆ తర్వాత మామూలు ఖాళీ, ఎగుదె. పలికేటప్పుడు "గెరీన్ ఊద్" అంటారు, రాత మాత్రం పాతకాలపు ఉచ్చారణను మోస్తూ ఉంటుంది. ఆ సన్నటి ఖాళీకి యూనికోడ్‌లో ప్రత్యేకమైన అక్షరం ఉంది. నేను వాడిన ప్రోగ్రాం ఫైలును చదివేటప్పుడు ఆ సన్న ఖాళీలన్నింటినీ మామూలు ఖాళీలుగా మార్చేసింది. నాకు తెలియలేదు. బగ్ష్ తెర వైపు వంగి, కళ్ళద్దాలు పైకి తోసి, "ఈ ఉన్‌కి కిరీటం ఎవరు పెట్టారు?" అన్నారు.

చూస్తే నిజమే. ప్రత్యయంగా వచ్చినప్పుడు ఉన్ కిరీటం లేకుండా, నేరుగా పొట్టతో మొదలవ్వాలి. మామూలు ఖాళీ పడేసరికి ఫాంటు దాన్ని కొత్త మాట అనుకుని నెత్తిన తితెమ్ పెట్టింది. ఇలాంటి తప్పుతో కొలతలు తీసుంటే, చదివేవాళ్ళు ప్రతి ప్రత్యయం దగ్గరా ఉలిక్కిపడి ఆగేవాళ్ళు. నేను దాన్ని నిలువు లిపి గుణమని రాసుకునేవాణ్ణి.

తెలుగువాళ్ళకు ఈ బాధ కొత్త కాదు. "హైదరాబాద్‌లో" అని టైపు చేసేటప్పుడు ద్‌కూ లోకూ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి, అది రాలిపోతే దకు ల వత్తు పడి "హైదరాబాద్లో" అవుతుంది. "లో"ని కలిపి రాస్తాం, "నుంచి"ని విడిగా రాస్తాం. మంగోల్ రాతలో ఈ కలపడానికీ విడదీయడానికీ మధ్య ఒక మెట్టు ఉంది, అదే ఆ సన్న ఖాళీ. నా ప్రాజెక్టు ప్రశ్న ఈ రోజు ఇక్కడ గట్టిపడింది: ఆ ఖాళీని కన్ను మాట సరిహద్దుగా తీసుకుంటుందా, మాట లోపలి సందుగా తీసుకుంటుందా?

వాక్యాలన్నింటినీ బొమ్మలుగా మార్చి పెట్టుకున్నాను. ఇక ఏ ప్రోగ్రామూ వాటి ఖాళీల జోలికి రాదు.

నవంబరు 16

బయట సున్నాకు 20 డిగ్రీలు కింద. లోపల హీటింగ్ పైపులు మండుతున్నాయి, గాలి ఎండిపోయింది. నా రికార్డింగుల్లోనే రెప్పపాట్లు అక్టోబరులో కంటే ఎక్కువయ్యాయి. రెప్ప కొట్టిన ప్రతిసారీ నిలువు కొలత ముందొక గుంటా తర్వాతొక గుంటా చూపిస్తుంది, నిజం గెంతులా కనబడుతుంది. గదిలో తేమ యంత్రం పెట్టాను, పైపు మీద తడి తువ్వాలు వేశాను. ప్రతి పది వాక్యాలకూ కళ్ళు మూసుకునే విరామం. రెప్పపాటుకు ముందూ వెనుకా 100 మిల్లీసెకన్లు లెక్కలోంచి తీసేస్తున్నాను.

నవంబరు 27

ముగ్గురు చదివారు. ఒక్కొక్కరు అరవై ఒంటి వరుస వాక్యాలు, ఆరు పేరాలు. సాయంత్రం డేటా తెరిస్తే పేరాల్లో అందరూ చివరి వరుస నుంచి మొదటి వరుసకు చదివినట్టుంది.

ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి రెండు గంటలు పట్టింది. విశ్లేషణ ప్రోగ్రాములన్నీ పాఠం ఎడమ నుంచి కుడికి, వరుసలు పై నుంచి కిందికి అనుకుని రాసినవి. కాబట్టి నా డేటాను 90 డిగ్రీలు ఎడమకు తిప్పి వాటికి ఇచ్చాను. చేత్తో ఒక కాగితం తిప్పి చూస్తేగానీ అర్థం కాలేదు. నిలువు వరుసలున్న కాగితాన్ని ఎడమకు తిప్పితే పై అంచు ఎడమకు వస్తుంది, అది నాకు కావాల్సిందే. కానీ ఎడమ అంచు కిందికి పోతుంది. మొదటి వరుస అడుగున పడుతుంది.

తిప్పడం కాదు, మార్చుకోవడం కావాలి. అడ్డం కొలతను నిలువు చోట, నిలువు కొలతను అడ్డం చోట పెడితే చాలు. ఒక్క లైను కోడు. పై నుంచి కిందికి అన్నది ఎడమ నుంచి కుడికి అవుతుంది, ఎడమ నుంచి కుడికి జరిగే వరుసలు పై నుంచి కిందికి జరుగుతాయి. జపనీస్ నిలువు పాఠానికి ఇది సరిపోదు, అక్కడ వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మంగోల్‌కు అతికినట్టు సరిపోయింది.

ఆ వరుసలు ఎడమ నుంచి కుడికి ఎందుకు నడుస్తాయో కూడా అదే కాగితం చెప్పింది. 1204 ప్రాంతంలో చెంఘిజ్ ఖాన్ నైమన్ తెగను ఓడించినప్పుడు వాళ్ళ దగ్గరున్న తాతాతుంగా అనే ఉయ్‌ఘర్ లేఖకుడు పట్టుబడ్డాడు, ఆయన ద్వారానే ఉయ్‌ఘర్ లిపి మంగోల్ భాషకు వచ్చిందని చెప్తారు. ఆ లిపి సోగ్డియన్ నుంచి, అంతకు ముందు అరామిక్ నుంచి దిగింది. మూలంలో అది కుడి నుంచి ఎడమకు, వరుసలు పై నుంచి కిందికి. అలాంటి పేజీని ఎడమకు తిప్పండి. కుడి అంచు పైకి వస్తుంది, పై వరుస ఎడమకు వస్తుంది. అచ్చం మంగోల్ పేజీ. నేను ఈ రోజు పొరపాటున చేసిన తిప్పుడే ఈ లిపి పుట్టుకలో ఉంది. ఈ మాట బగ్ష్‌కి చెప్తే సంతోషంగా చేతులు తట్టారు.

డిసెంబరు 5

ఇప్పటికి ఆరుగురు. ముగ్గురు ఉలాన్‌బాతర్‌లో పెరిగినవాళ్ళు, సిరిలిక్ మొదట నేర్చుకుని తర్వాత బడిలో నిలువు లిపి చదివారు. ముగ్గురు ఇన్నర్ మంగోలియా నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నవాళ్ళు, వాళ్ళకు ఇదే మొదటి లిపి. ఆరుగురితో ఏ సూత్రమూ చెప్పలేను. ఒక్కో రికార్డింగును మాత్రం తనివితీరా చూడొచ్చు.

ఒకే వాక్యం, ఇద్దరు చదివింది పక్కపక్కన పెట్టాను. "ఇంటి తలుపు తెరిచే ఉంది" అన్న వాక్యం. ఇన్నర్ మంగోలియా నుంచి వచ్చిన అమ్మాయి గెర్ నడుమ ఒక్కసారి ఆగింది. ఉన్ మీద ఆగనే లేదు, దాని మీదుగా ఎగుదె పై భాగంలోకి గెంతింది. అక్కడ 210 మిల్లీసెకన్లు. నాలుగు ఆగుళ్ళలో వాక్యం అయిపోయింది. కన్ను నిచ్చెన దిగినట్టు ఉంది ఆ గీత, కుడి ఎడమలకు వణుకు కూడా లేదు.

ఉలాన్‌బాతర్‌లో పెరిగిన కుర్రాడు గెర్ మీద రెండుసార్లు ఆగాడు. ఉన్ మీద ఆగాడు. ఎగుదె మొదట్లో ఆగి, మళ్ళీ ఉన్ మీదికి ఎక్కి, దిగాడు. ఎగుదె లోపల మూడు చోట్ల ఆగాడు, దాదాపు ప్రతి మలుపులో ఒకటి. ఒక్కో ఆగుడు 300 మిల్లీసెకన్లు దాటింది. చదివాక అతనే చెప్పాడు: "పళ్ళు లెక్కపెట్టుకుంటూ దిగాను అక్కడ." అతని సిరిలిక్ రికార్డింగు తీస్తే కన్ను గుర్రంలా పరిగెత్తింది. కాబట్టి ఈ నిదానం నిలువుది కాదు, అలవాటుది. ఇది తెలియకుండా "నిలువు రాత అడ్డం రాత కంటే నిదానం" అని ఎవరైనా కొలిచి చెప్తే, వాళ్ళు లిపినా కొలిచింది, బడినా?

పేరాల్లో ఇంకో దృశ్యం. వరుస అడుగుకు చేరాక కన్ను ఒక్క ఊపున పైకి, కుడి పక్క వరుస నెత్తికి ఎగరాలి. దీన్ని రిటర్న్ స్వీప్ అంటారు. ఆరుగురిలోనూ ఆ గెంతు నెత్తిని అందుకోకుండా కొంచెం కిందే పడి, తర్వాత చిన్న సర్దుబాటు గెంతుతో పైకి వెళ్ళింది. అడ్డం లిపుల్లో కూడా పొడుగు వరుసల తర్వాత ఇలాగే జరుగుతుంది. వరుసను 18 నుంచి 12 సెంటీమీటర్లకు తగ్గించి రెండు పేరాలు చదివించాను, సర్దుబాట్లు తగ్గాయి. పాఠ్యపుస్తకాలు చేసేవాళ్ళకు చెప్పాల్సిన మొదటి మాట బహుశా ఇదేనేమో, ఇంకొంతమందిని చూశాక.

డిసెంబరు 14

నిలువుగా చదవడం కంటికి కష్టమా? ఒక వైపు నుంచి చూస్తే అవుననిపిస్తుంది. చూపు కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ స్పష్టత తగ్గుతుంది, అది అడ్డం వైపు కంటే నిలువు వైపు త్వరగా తగ్గుతుంది. గెంతును నడిపే నరాల కేంద్రాలు కూడా వేరు: అడ్డం గెంతులు మెదడు కాండంలోని పాన్స్ నుంచి, నిలువు గెంతులు దాని పైనున్న మిడ్‌బ్రెయిన్ నుంచి. ఇంగ్లీషు మాటలను నిలువుగా పెట్టి చదివిస్తే వేగం తగ్గుతుందని చాలాసార్లు కొలిచారు. కానీ అక్కడ కన్నుకు అలవాటు లేని పని ఇస్తున్నారు.

మంగోల్ లిపి ఇక్కడే గొప్ప అవకాశం ఇస్తుంది. దాన్ని పక్కకు పడుకోబెట్టి ఎడమ నుంచి కుడికి కూడా చదవొచ్చు. పళ్ళు కిందికి వేలాడతాయి, మాట ఆకారం మారదు. 2020లో చైనా, బ్రిటన్ పరిశోధకులు కలిసి చేసిన ఒక అధ్యయనంలో ఇదే చేశారు. కన్ను ఆగిన చోట చుట్టూ కొంత భాగం మాత్రమే స్పష్టంగా ఉంచి, మిగతాది పాడు చేసి, నిలువుగానూ అడ్డంగానూ చదివించారు. చూపు సమాచారం అందుకునే పరిధి చదువు వేగం మీద చూపిన ప్రభావం రెండు దిశల్లోనూ ఒకేలా ఉంది. అంటే ఆ పరిధి కంటికి పుట్టుకతో అడ్డంగా బిగించింది కాదు, చదివే దిశ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది.

కన్నుతో పాటు కదిలే ఆ స్పష్టమైన భాగాన్ని, అంటే కదిలే కిటికీని, నేనూ కట్టాలనుకున్నాను, ప్రత్యయాల ప్రశ్న కోసం. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. గెంతే 20 నుంచి 40 అయితే, కన్ను దిగేసరికి కిటికీ ఇంకా వెనకే ఉంటుంది. 144 హెర్ట్జ్ తెర అడిగి తెచ్చుకున్నాను, ఒక్కో బొమ్మకు 7 మిల్లీసెకన్లు.

కిటికీ బయటి అక్షరాల స్థానంలో ఏం పెట్టాలన్నది ఇంకో చిక్కు. ఇంగ్లీషులో వరసగా ఎక్స్‌లు పెడతారు. కలిపి రాసే లిపిలో అది కుదరదు, వెన్నెముక తెగిపోతుంది. ప్రతి వాక్యానికీ రెండు బొమ్మలు చేశాను, ఒకటి స్పష్టంగా, ఒకటి మసగ్గా. మసక ఎంత ఉండాలో బగ్ష్ చెప్పారు. పళ్ళు లెక్కకు అందకూడదు, మాటల మధ్య ఖాళీ మాత్రం తెలియాలి. సన్న ఖాళీ కూడా తెలియాలా? దానికి రెండు రకాల మసకలు చేయాల్సి వచ్చింది, ఒకదానిలో సన్న ఖాళీ కనబడుతుంది, రెండోదానిలో పూడిపోతుంది. మొత్తం 360 బొమ్మలు.

డిసెంబరు 21

కిటికీ మొదటిసారి సరిగ్గా నడిచింది. ఎవరినైనా పిలిచే ముందు బగ్ష్ తానే కూర్చుంటానన్నారు. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని ముందు ఉప్పు వేసిన పాల టీ తాగి, కాసేపు ఆగి, స్టాండు మీద గడ్డం పెట్టారు.

మొదట కిటికీ చిన్నది, కన్ను ఆగిన మాట వరకే. ప్రతి మాట దగ్గరా ఆగారు, ప్రతి ప్రత్యయం దగ్గరా ఆగారు. నలభై ఏళ్ళు ఈ లిపి నేర్పిన మనిషి కన్ను ఆ ఊరి కుర్రాడి కన్నులా నడిచింది. తర్వాత కిటికీని పైకి ఒక మాట పెంచాను. ఏమీ మారలేదు, మారిందని ఆమె గమనించనే లేదు. తర్వాత పైది తీసేసి కిందికి ఒక మాట పెంచాను. మూడో వాక్యానికల్లా ఉన్‌ల మీద ఆగడం మానేశారు. కిందికి రెండు మాటలు తెరిచాక గెంతులు పొడుగయ్యాయి.

సన్న ఖాళీ పూడిపోయిన మసకలో మాత్రం రెండు చోట్ల కన్ను గెర్ చివరా ఉన్ మొదలూ కలిసే చోట దిగింది, ఎటూ కాకుండా. ఖాళీ కనబడే మసకలో అలా ఒక్కసారీ జరగలేదు. ఒక్కరి కళ్ళు, ఇరవై వాక్యాలు. కానీ ఎక్కడ వెతకాలో ఇప్పుడు తెలుసు.

అయిపోయాక గడ్డం స్టాండు మీద నుంచి తీయకుండానే, "కింద తెరిచినప్పుడు గాలి ఆడింది" అన్నారు. "పైన తెరిచావా ఎప్పుడైనా?"

తెరిచానని చెప్పి, ఆ వాక్యాలు మళ్ళీ తెర మీద పెట్టాను. ఆమె చూస్తానన్నారు.